అమావాస్యకు ఆరే గోడ

ఫిబ్రవరి 25, 1962. ఆదివారం.

ఈ డైరీ డిపార్ట్‌మెంట్ వాళ్లిచ్చింది. ఆఫీసు పనికి వాడాలి. ఇంటి పనికి వాడుతున్నాను. ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తాను.

నేను ఇరిగేషన్ ఓవర్సీర్‌ను, జగిత్యాల సెక్షన్. పదకొండేళ్ల సర్వీసు. నలభై చెరువుల కట్టలు, తూములు కారకుండా ఆపినవాణ్ని. నా ఇంటి గోడ కారుతోంది.

మా తాత కొన్న పాత ఇల్లు ఇది. నేల కింద ఒక గది ఉంది, ఏడు మెట్లు దిగాలి. వాడకట్టులో అందరూ దాన్ని తెహఖానా అంటారు. అందులోనే బాపు గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని గట్టున కూర్చుని నేస్తాడు. తాత కూడా అక్కడే నేశాడు. తూర్పు గోడ ఎప్పుడూ తడే. చిన్నప్పుడు నేను ఆ తడి మీద వేలితో అ ఆలు దిద్దేవాణ్ని.

నిన్న బాపు గుంటలోంచి లేవబోయి లేవలేక అక్కడే కూలబడ్డాడు. మోకాళ్లు. దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు అన్నీ చూసి, ఇంట్లో తేమ ఉందా అని అడిగాడు. నాకు తల తీసేసినట్టయింది. ఊళ్ల చెరువులన్నీ కారకుండా ఆపి, కన్న తండ్రిని తడిలో కూర్చోబెట్టాను.

ఇంటికొచ్చి అందరి ముందు చెప్పేశాను. మిరుగం లోపు, అంటే మృగశిర కార్తె వచ్చే జూన్ ఎనిమిది లోపు, ఆ గోడ ఎండాలి. ఎండకపోతే మగ్గం పీకి పైకి తెస్తాను. పైన గుంట లేదు. గుంట లేని గుంట మగ్గం కట్టెల మోపు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు.

బాపు మోకాళ్లు రాసుకుంటూ విన్నాడు. నా భార్య కమల మాత్రం, గోడ ఎండుడెందుకు, మామ కాళ్ల కింద ఇంత చెక్క ఏస్తే సాలదా అని అడిగింది. ఇది టెక్నికల్ విషయం, నువ్వు నూలు కండెలు చుట్టుకో అన్నాను. కమలది సిరిసిల్ల, నేతగాళ్ల బిడ్డ. ఇంజనీరింగ్ తెలియదు.

ఫిబ్రవరి 27.

చేనేత సొసైటీ సెక్రటరీ లక్ష్మీరాజం వచ్చాడు. బాపు మగ్గం మీద ఉన్నది వంద నంబరు నూలు. వెంట్రుక కన్నా సన్నం. జగిత్యాలలో ఇప్పుడు ఇంకెవరూ దాని జోలికి పోరు, అందరివీ దుప్పట్లే. మిరుగం నాటికి ఈ పడుగంత నేసి దిగితేనే మల్ల వంద నంబరు ఇస్త, లేకుంటె నువ్వు గూడ దుప్పట్లే బాలమల్లన్నా అని చెప్పి, చాయ తాగి పోయాడు.

మా బాపుకు దుప్పటి అంటే కప్పుకునేది. నేసేది కాదు.

ఇద్దరి గడువూ ఒకటే. గోడ ఎండిన చోట నూలు కూడా మరింత బాగా సాగుతుందని ధైర్యం చెప్పాను. బాపు నా వైపు అదోలా చూశాడు.

మార్చి 1.

సర్వే పూర్తి. టేపు, లెవెలు పట్టుకుని చేశాను. తూర్పు గోడ తడి పొడవు పదకొండు అడుగులు, ఎత్తు నాలుగు. మిగతా మూడు గోడలు పొడి.

కారణం దొరికింది! గోడకు సరిగ్గా పైన స్నానాల గచ్చు ఉంది. ఒక బండ లేపి చూస్తే కింద మట్టి గొట్టం. దాని మూతి కాలువ వైపు కాకుండా నేరుగా మా గోడ వైపు తిరిగి ఉంది. మూతిలో పాత గుడ్డ కుక్కి ఉంది. ఇల్లంతా పోసుకున్న స్నానాల నీళ్లు బొట్టుబొట్టుగా గోడలోకి దిగుతున్నాయి. ఎవడో మూర్ఖుడు చేసిన పని. అరవై ఏళ్లుగా మా ఇంట్లో ఒక్కడికీ అనుమానం రాలేదు.

వాడెవడో తెలిస్తే నాలుగు మాటలు అనేవాణ్ని.

మార్చి 6, మంగళవారం. అమావాస్య.

అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం మీది నాడె ముట్టరు. మగ్గం బందు కాబట్టి ఈ రోజే పని పెట్టించాను. తాపీ పని చేసే సుతారి మొండయ్య వచ్చాడు. గోడ కట్టడం కన్నా మాటలు కట్టడం బాగా వచ్చినవాడు. పాత గోడకు డంగు సున్నమే పెట్టాలె, గోడ గాలి పీల్చుకోవాలె, సిమెంటు పెడితె ఊపిరాడక సస్తది అని వాదించాడు. గోడకు ఊపిరితిత్తులు ఉండవు అన్నాను. సిమెంటే పెట్టించాను.

బాపు చాయ తాగి వచ్చి గొట్టం దగ్గర నిలబడ్డాడు. పురాగ మూస్తున్నవా బిడ్డా అని అడిగాడు. పురాగ అన్నాను. జర్రంత సందన్న ఇడువరాదురా అన్నాడు. లీకేజ్ అనేది జర్రంత దగ్గరే మొదలవుతుంది అని, ఒక చెరువు కట్ట చీమ కన్నంతో ఎలా తెగిందో వివరంగా చెప్పాను. వెనక్కి తిరిగి చూస్తే బాపు లేడు. మొండయ్య విన్నాడు.

మార్చి 18.

గోడ ఎండింది. తెల్లగా ఉప్పు తేలింది. చేత్తో రాస్తే రాలుతోంది. వర్క్ కంప్లీటెడ్.

పరమాన్నం చేయించాను. బాపు తినలేదు. పన్ను నొస్తుందట.

మార్చి 21.

మగ్గం చప్పుడు మారింది. మామూలుగా పొద్దున మొదలైతే మధ్యాహ్నం తిండి దాకా ఒకే వరస. ఇప్పుడు నలభై లెక్కపెట్టేలోపు ఆగుతుంది. మళ్లీ మొదలవుతుంది. మళ్లీ ఆగుతుంది. దిగి చూస్తే బాపు వంగి తెగిన పోగులు అతుకుతున్నాడు. ఒక కొస అతికితే ఇంకొకటి పుటుక్కుమంటోంది. పొద్దంతా కలిపి జానెడు కూడా దిగలేదు.

వయసు. చూపు తగ్గింది. రేపే అద్దాల డాక్టరుకు చూపిస్తాను.

మార్చి 22.

అద్దాల డాక్టరు దగ్గర బాపు అడ్డం తిరిగాడు. నాకు సూది బెజ్జం గూడ కనవడ్తది అని అక్కడే కాంపౌండర్‌ను సూది, దారం అడిగి తీసుకుని ఒక్కసారికే ఎక్కించాడు. డాక్టరు సరదాకు నా చేతికిచ్చాడు. నాకు మూడోసారికి కూడా ఎక్కలేదు.

అద్దాలు నాకిచ్చారు.

మార్చి 29.

గోడ మళ్లీ తడి!

తూర్పుది కాదు. ఈసారి పడమటి గోడ. మగ్గానికి దగ్గరగా, రెండడుగుల ఎత్తు. ఆ గోడ అరవై ఏళ్లలో ఎన్నడూ తడవలేదు. నీళ్లు నన్ను చూసి దారి మార్చుకున్నాయి.

అయినా మగ్గం మాత్రం ఈ రోజు ఒకే వరస మోగుతోంది. కనీసం అదొక సంతోషం.

ఏప్రిల్ 4. అమావాస్య.

గోడ పొడి. అప్పడంలా ఉంది. బాపు కోరుట్లలో మా చెల్లె దేవవ్వ ఇంటికి పోయాడు. రేపు ఉగాది కూడా అక్కడే. గోడ దానంతట అదే బాగైంది. నా మాటకు భయపడి ఉంటుంది.

ఏప్రిల్ 6.

భయపడలేదు. తడి.

ఏప్రిల్ 11.

సైంటిఫిక్‌గా పోదామని నిర్ణయించాను. నేను ఆఫీసులో ఉంటాను కాబట్టి కమలను గేజ్ రీడర్‌గా పెట్టాను. నాలుగో తరగతి చదివింది, గడియారం చూడగలదు. నాలుగు రోజుల రీడింగులు ఇవి. పొద్దున ఏడింటికి పొడి. పదింటికి తడి. ఒంటిగంటకు బాగా తడి. సాయంత్రం ఆరింటికి కొద్దిగా. మర్నాడు పొద్దున మళ్లీ పొడి.

భూగర్భజలం ఆఫీసు టైములు పాటిస్తోంది. మా స్టాఫే పాటించరు.

పుస్తకంలో ఒక చోట కమల రెండు కడవలు అని రాసింది. గోడ తడిని కడవల్లో ఎట్లా కొలిచావని అడిగాను. అందాజ అంది. అని లోపలికి పోయి చాలాసేపు దగ్గింది. ఈ తేమ ఆమెకు కూడా పడుతున్నట్టు లేదు.

ఏప్రిల్ 13.

క్యాజువల్ లీవు పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెహఖానాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతిలో చాక్‌పీసు. బాపు ఈ రోజు నేయలేదు. నూలు సదురుకోవాలన్నాడు. అంత నూలు ఏముందో, రోజంతా సదురుతూనే ఉన్నాడు. మధ్యమధ్య నన్ను, ఆఫీసుకు పోవా బిడ్డా, పెద్దసార్లు ఏమనరా అని అడిగాడు. నా ఉద్యోగం మీద ఆయనకు ఎంత శ్రద్ధ.

ఒక్క చుక్క రాలేదు.

నేను లేనప్పుడు వస్తుంది. ఉంటే రాదు. నీటికి సిగ్గు ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఏప్రిల్ 17.

పడమటి గోడకు అవతల పక్కింటి యాదవ్వ వాళ్ల బావి. అనుమానం దాని మీదికి పోయింది. తాడుకు రాయి కట్టి లోతు కొలుస్తుంటే యాదవ్వ వచ్చి, నా బాయిల ఏం ఎతుకుతున్నవ్ రా రామచంద్రం అని నిలదీసింది. మీ బావి నీళ్లు మా ఇంట్లోకి వస్తున్నాయి అన్నాను. నా బాయిల మోకాటి మట్టం నీళ్లు లెవ్వు, నేనే మీ ఇంటి ముందట కడవ పట్టుకొని నిలవడుదామనుకుంటున్న, గవి మీ గోడకెట్ల ఎక్కుతయ్ అని వాడకట్టంతా వినపడేలా అరిచింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మా ఇంటి వైపు చూసి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

ఈ ఎండాకాలం ఆడవాళ్లందరికీ దగ్గు.

ఏప్రిల్ 24.

బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే కైలాసం మామతో డాంబరు తెప్పించాను. రెండు డబ్బాలు. పడమటి గోడకు నేనే స్వయంగా రెండు పూతలు పూశాను. తెహఖానా నల్లగా మెరిసిపోతోంది. ఇక చూద్దాం.

ఏప్రిల్ 25.

ఘోరం జరిగింది. మధ్యాహ్నం ఉక్కకు ఇంకా ఆరని డాంబరు జారింది. ఒక చుక్క చిట్లి మగ్గం మీద బట్ట అంచుకు పడింది. వంద నంబరు తెల్లబట్ట. శనగ గింజంత మచ్చ.

బాపు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కిరసనాయిలు, చిన్న గుడ్డపీలిక తెచ్చుకుని సాయంత్రం దాకా ఆ ఒక్క చుక్క మీదే వంగి కూర్చున్నాడు. ఒక్కో పోగూ విడిగా తుడిచాడు. మచ్చ పోయింది. ఏంగాదు తియ్యి, నువ్వేమన్న కావాలని ఏస్తివా అన్నాడు నాతో.

నాకు ఏడుపొచ్చింది. నిజమే రాస్తానని మొదటి రోజే అనుకున్నాను కదా.

ఏప్రిల్ 28.

డాంబరు పైన తడి.

పైన! లోపలి నుంచి వస్తే డాంబరు ఉబ్బాలి, పగలాలి. ఉబ్బలేదు, పగలలేదు. పైన మాత్రం నీళ్లు ముత్యాల్లా నిలబడి ఉన్నాయి. గోడకు చెమట పడుతోందా? ఎవరిని అడగాలి? అడగడానికి ఈ ఊళ్లో నాకన్నా తెలిసినవాడు లేడు.

మే 4. శుక్రవారం. అమావాస్య.

పొడి.

అదే రోజు, సాయంత్రం.

డైరీ మొదటి నుంచి తిరగేశాను. ఏప్రిల్ నాలుగు: అమావాస్య. పొడి. మే నాలుగు: అమావాస్య. పొడి. మధ్యలో దాదాపు అన్ని రోజులూ తడి.

చంద్రుడు!

సముద్రానికి ఆటుపోట్లు ఉన్నప్పుడు నేల కింది నీటికి ఎందుకు ఉండకూడదు? సముద్రం మాకు మూడొందల మైళ్లు. కానీ చంద్రుడు అందరికీ ఒకే దూరం. ఇన్నాళ్లూ ఇది ఏ ఇంజనీరుకూ తట్టలేదంటే కారణం ఒకటే. వాళ్లెవరికీ మా తెహఖానా లేదు.

బాపుకు చెబుదామని దిగాను. అమావాస్య కదా, మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది, బాపు అరుగు మీద పడుకుని ఉన్నాడు. లేపలేదు.

మే 7.

నోట్ పంపాను. నాలుగు పేజీలు, ఒక గ్రాఫు. పేరు: జగిత్యాల పట్టణ భూగర్భజలాలపై చంద్రుని ప్రభావము. కరీంనగర్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు లింగమూర్తి గారికి. గ్రాఫుకు రీడింగులు ఇచ్చిందని కింద కమల పేరు కూడా వేశాను. ఆ ఒక్క లైను చూపిస్తే, నా పేరెందుకు, కొట్టెయ్ కొట్టెయ్ అని చేతులు పట్టుకుంది. ఎంత అణకువ.

మే 16.

జవాబు వచ్చింది! లింగమూర్తి గారు జూన్ రెండున చెరువులు చూడ్డానికి ఇటే వస్తున్నారట. ఆ రోజు అమావాస్య కాబట్టి గోడ పొడిగా ఉండటం స్వయంగా చూసి పోతారట. క్యాలెండరు చూసుకున్నారంటే సీరియస్‌గా తీసుకున్నారన్నమాట.

లింగమూర్తి గారు వస్తున్నారని మాత్రం ఇంట్లో చెప్పాను. కమల చేతిలో గంజి గిన్నె కింద పడింది. బాపు, గంత పెద్ద సాబు మనింటికెందుకొస్తుండు, నీళ్ల సంగతా అని అడిగాడు. నీళ్ల సంగతే, నీకు అర్థం కాదులే అన్నాను. సాబు వచ్చిననాడు తేడా గొడ్తె నీకు మాట వస్తదా అని మళ్లీ అడిగాడు. మాట ఏమిటి, నలుగురిలో పరువే పోతుంది అన్నాను. బాపు తల ఊపి మెట్లు దిగి పోయాడు.

మే 24.

ఎండ. ఆఫీసులో సిరాబుడ్డి ఎండింది. మా గోడ ఎండలేదు.

మే 30.

పడుగు ఇంకా ఏడు మూరలు ఉందట. మిరుగానికి తొమ్మిది రోజులు. మగ్గం గుక్క తిప్పుకోకుండా నడుస్తోంది.

నా గడువు సంగతి కూడా ఆలోచించాను. మామూలు లీకేజ్ అయితే మగ్గం పీకాల్సిందే. కానీ చంద్రుడి వల్ల అయితే ఏం చేయాలి? చంద్రుణ్ని ఆపడం మా డిపార్ట్‌మెంట్ పరిధిలో లేదు. మాట మాటే. ఎనిమిదో తారీకున పీకుతాను. రాస్తుంటే చెయ్యి సాగడం లేదు.

జూన్ 1.

అంతా సిద్ధం. మెట్లకు జాజు పూయించాను. బాపు హుషారుగా ఉన్నాడు. కమల పొద్దున్నుంచి నీళ్లు మోస్తూనే ఉంది. ఇన్ని కడవలు ఎందుకంటే, సాబు వస్తుండు గద అంది.

జూన్ 2. శనివారం. అమావాస్య.

ఎక్కడ మొదలుపెట్టాలి.

పదింటికి జీపు వచ్చింది. లింగమూర్తి గారు సన్నగా, పొడుగ్గా ఉంటారు. తలకు హ్యాటు. చేతిలో నా నోట్. వాడకట్టంతా గుమిగూడింది, యాదవ్వ గోడెక్కి కూర్చుంది. నేను ముందు నడిచాను. మెట్లు దిగుతూనే మాట మొదలుపెట్టాను. సార్, తమరు గమనిస్తే ఈ రోజు గోడ సంపూర్ణంగా పొడిగా అని.

నా బూటు నీళ్లలో పడింది.

గోడ కారడం కాదు, పారుతోంది. పైనుంచి కింది దాకా. డాంబరు మీద ధారలు. నేల మీద మడుగు. ఒక్క పడమటి గోడ కాదు, నాలుగు గోడలూ. అరవై ఏళ్లలో ఆ తెహఖానా ఇంత తడిసి ఉండదు. అది కూడా అమావాస్య నాడు.

లింగమూర్తి గారు నోట్ చూశారు. గోడ చూశారు. మళ్లీ నోట్ చూశారు. గోడ మీద వేలు పెట్టి, తడి ఎంత ఎత్తు దాకా ఉందో పైకి చూశారు. సరిగ్గా మనిషి చెయ్యి ఎత్తి చెంబు విసిరితే అందే ఎత్తు. మగ్గం వెనక వరసగా నాలుగు ఖాళీ కడవలు. మెట్ల మీద జాజు పైన తడి పాదాల గుర్తులు, ఎక్కేవి, దిగేవి. ఇవన్నీ నేను కూడా చూశాను, ఆయన చూసిన తర్వాత.

ఆయన నన్ను ఏమీ అడగలేదు. బాపును అడిగారు, ఈ నీళ్లు ఎవరు పోశారు పెద్దాయనా అని.

బాపు చేతులు జోడించి నిలబడ్డాడు. నేనే పోసిన సారూ అన్నాడు. ఇయ్యాల్ల అమాస, నాకు నీళ్లతోని పనే లేదు, కని మీరు గంత దూరంకెల్లి నీళ్లు సూడ వస్తిరి, తీర వచ్చినంక గోడ ఎండిపోయి ఉంటె నా కొడుకు పరువు పోదా, గందుకని పొద్దుగాల్ల లేసి నేను, నా కోడలు కలిసి పోసినం అన్నాడు. తక్కువైనయా సారూ అని కూడా అడిగాడు.

మరి మిగతా రోజుల్లో అని అడిగారు లింగమూర్తి గారు.

మిగిలిన దినాలు నూలు కోసం సారూ అన్నాడు బాపు. సల్లదనం లేకుంటె వంద నంబరు పోగు ఆగది, ముట్టుకుంటె తెగుతది, గీ ఎండలకు గోడకు రోజుకు రెండు కడవలు తాగించాలె, అప్పుడే గాలి మెత్తగైతది. అమాస నాడు నేసుడు లేదు గద, గందుకే ఆనాడు పొయ్యను.

లింగమూర్తి గారు మెట్టు మీద కూర్చున్నారు. అది తడి మెట్టు. హ్యాటు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు ఊగుతున్నాయి. చాలాసేపు ఊగాయి. తర్వాత కళ్లు తుడుచుకుని లేచి మగ్గం మీద గుడ్డ తొలగించి, బట్టను రెండు వేళ్ల మధ్య పట్టుకున్నారు. అప్పుడు మాత్రం నవ్వలేదు. ఎన్నేళ్ల నుంచి నేస్తున్నావు పెద్దాయనా అని బాపును అడిగారు. వయసొచ్చిన కాన్నుంచి అన్నాడు బాపు.

నా వైపు తిరిగి, మీ కులవృత్తి ఏమిటి ఓవర్సీర్ అని అడిగారు. నేత సార్ అన్నాను. నీకు నేయడం తెలుసా అన్నారు. చిన్నప్పుడు తెలుసు సార్ అన్నాను.

నోట్ మడిచి నా జేబులో పెట్టారు. ఇది ఫైలుకు వద్దు, నీ దగ్గరే ఉంచుకో అన్నారు. గ్రాఫు బాగుందట.

జూన్ 3. ఆదివారం.

పొద్దున కమల మీద విరుచుకుపడ్డాను. నీకు తెలుసు. తెలిసే నాకు రీడింగులు రాసిచ్చావు. చంద్రుడి దాకా పోయాను. ఒక్క మాట చెప్పొచ్చు కదా.

కమల కండెలు చుట్టడం ఆపలేదు. తల ఎత్తకుండానే అంది. నువ్వు డాక్టర్‌ను అడిగినవ్, సుతారిని అడిగినవ్, యాదవ్వ బాయిని అడిగినవ్, ఆఖరికి చందమామను గూడ అడిగినవ్. ఆ మగ్గం మీద కూసున్న మనిషిని ఒక్కసారన్న అడిగినవా అంది.

డైరీ మొదటి నుంచి వెతికాను. అడిగినట్టు ఒక్క చోటా లేదు.

బాపు దగ్గరికి పోయి మెట్టు మీద కూర్చున్నాను. నువ్వైనా చెప్పొచ్చు కదా బాపూ అన్నాను. ఎట్ల చెప్పాలె బిడ్డా అన్నాడు. నా మోకాళ్ల కోసం నువ్వు గంత పరేషాన్ అయితుంటివి, డాంబరు పూసుకుంటివి, ఎండల తిరిగితివి. వద్దంటె నీ మనసు నొస్తది. ఊకుంటె నూలు తెగుతది. రెండూ కాకుంట సప్పుడు చెయ్యకుంట నీళ్లు పోసుకున్న అన్నాడు.

తర్వాత తాత సంగతి చెప్పాడు. ఈ ఇల్లు కొనడానికి వచ్చినప్పుడు తాత పై గదులు చూడనే లేదట. నేరుగా ఇక్కడికి దిగి, తూర్పు గోడకు చెంప ఆనించి, బేరం కూడా ఆడకుండా ఖాయం చేశాడట. కొన్న మర్నాడే స్నానాల గచ్చు కింద గొట్టం పెట్టించి, మూతిని గోడ వైపు తిప్పించాడట. గుడ్డ కుక్కింది నీళ్లు తగ్గించడానికీ, పెంచడానికీ. ఎండాకాలం గుడ్డ గుంజాలె, వానకాలం కుక్కాలె. అమావాస్యకు పురాగ మూయాలె.

అంటే అది తూము.

మా తాత కట్టిన తూము. అరవై ఏళ్లు ఒక్క రిపేరు లేకుండా పనిచేసింది. సర్కారు నాకు జీతమిచ్చేది తూములు బాగు చేయమని. దాన్ని సిమెంటు పెట్టి మూసింది నేను. మార్చి ఒకటిన ఎవడో మూర్ఖుడు అని రాశాను. ఆ మాట కొట్టేయబోయి ఆగాను. ఉండనీ. ఊళ్లో మూర్ఖుడు ఉన్న మాట నిజమే, ఎవరన్నదే పొరపాటు.

జూన్ 5.

మొండయ్యను పిలిచాను. నా సిమెంటు నా చేత్తోనే పగలగొట్టాను. మొండయ్య ఊపిరితిత్తుల గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది. కొత్త గొట్టం, మూతికి టేకు బిరడా. బిరడాకు మూడు గాట్లు పెట్టించాను. మొదటి గాటు వానకాలానికి, రెండోది చలికాలానికి, మూడోది ఎండాకాలానికి.

గుంట అడుగున ఇటుకలు పరిచి, పైన మందం చెక్క వేయించాను. గోడకు తడి, కాళ్లకు పొడి. ఈ డిజైన్ నాది కాదు. ఫిబ్రవరి ఇరవై ఐదున కమల చెప్పింది.

మోకాళ్లు ఎట్లా ఉన్నాయని బాపును అడిగాను. ఈసారి అడిగాను. గవి గోడకు నొస్తలేవు, డెబ్బై ఏండ్లకు నొస్తున్నయ్ అన్నాడు. కని చెక్క మంచిగున్నది అన్నాడు.

జూన్ 7.

పడుగు దిగింది. ఒకరోజు ముందే. లక్ష్మీరాజం వచ్చి బట్టను వెలుతురుకు పట్టి చూసి, డాంబరు పడ్డ చోటు ఎంత వెతికినా దొరక్క నా వైపు చూశాడు. ఊరంతా తెలిసిపోయింది. తర్వాతి పడుగుకు వంద నంబరు నూలు తనే మోసుకొచ్చి ఇచ్చిపోయాడు.

బాపు పరమాన్నం చేయమన్నాడు. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. పన్ను నొప్పి తగ్గిందట.

జూలై 1. ఆదివారం. అమావాస్య.

మగ్గం బందు. పొద్దున్నే బిరడా నేనే బిగించాను.

సాయంత్రం ఆరు. గోడ పొడి.

నా నోట్‌లో తప్పేమీ లేదు.